ఈజిప్టు రాజవిగ్రహాన్ని పాదాల నుంచి చదవడం ఎలా

ప్రాచీన ఈజిప్టు రాజుల మహావిగ్రహాలను మ్యూజియంలో చూసినా, పుస్తకంలోని ఫోటోలో చూసినా మన కన్ను ముందుగా ముఖం మీదే నిలుస్తుంది. ఆ ముఖం ప్రశాంతంగా, యవ్వనంగా, ఇంతకుముందు చూసిన విగ్రహానికీ దీనికీ పెద్ద తేడా లేనట్టుగా కనిపిస్తుంది. దాంతో ఆ రాజు ఎవరో, ఆ రాయి ద్వారా ఏమి ప్రకటించాడో తెలుసుకోకుండానే ముందుకు సాగిపోతాం. ఈ వ్యాసం ఆ క్రమాన్ని తలకిందులు చేయమని కోరుతుంది. పీఠం దగ్గర, పాదాల దగ్గర మొదలుపెట్టి, సింహాసనం పక్కలను, నడుమును, చేతులను, వీపును, తలపాగాను, పేరును వరుసగా చూసి, ముఖాన్ని దాదాపు చివరికి ఉంచాలి. ఈజిప్టు శిల్పులు ఒక మనిషి పోలికను పట్టడం కన్నా, రాజపదవి అనే మహావ్యవస్థను రాతిలో నిలబెట్టడాన్ని పెద్ద పనిగా భావించారు. ఆ వ్యవస్థకు సంబంధించిన మాటలన్నీ ముఖంలో కంటే ముఖం చుట్టూ ఉన్న గుర్తులలోనే ఎక్కువగా ఉన్నాయి.

చూడడానికి కూర్చునే ముందు చేయవలసిన ఏర్పాటు ఒకటి ఉంది. ఏ విగ్రహాన్ని ఎంచుకున్నా దాని ముందువైపు ఫోటో ఒక్కదానితో సరిపెట్టుకోకూడదు. పక్కవైపు, వెనుకవైపు ఫోటోలను కూడా సంపాదించాలి. క్రీ.పూ. 2500 ప్రాంతపు రాజైన ఖఫ్రే విగ్రహం ఇందుకు మంచి కారణం చూపుతుంది. 1860లో గీజాలోని లోయ ఆలయంలో ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్త ఆగస్ట్ మారియెట్ వెలికితీసిన ఈ విగ్రహం 168 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. ఎదురుగా నిలబడి చూస్తే సింహాసనం మీద కూర్చున్న రాజు మాత్రమే కనిపిస్తాడు. పక్కకు వెళ్ళి చూసినప్పుడు రాజు తల వెనుక ఒక డేగ రెక్కలు చాచి, ఆ తలను రెండు వైపులా పొదివి పట్టుకుని ఉండడం తెలుస్తుంది. ఆ డేగ హోరస్ దేవుడు. రాజు భూమి మీద హోరస్ రూపమన్న మూలసిద్ధాంతం ఎదురుగా నిలిచినవారికి కనిపించని చోటనే చెక్కి ఉంది. కేవలం ముందువైపు ఫోటో చూసినవారు ఈ విగ్రహపు అసలు మాటను పూర్తిగా కోల్పోతారు.

పరిమాణమూ ఒక మాటే

గుర్తుల జోలికి వెళ్ళే ముందు కొలతను మనసుకు పట్టించుకోవాలి. అంకెలు చదివితే ఆ కొలత మనసుకు పట్టదు కాబట్టి హైదరాబాద్ పాఠకులు హుస్సేన్‌సాగర్ నడుమ నిలిచిన బుద్ధవిగ్రహాన్ని తలచుకోవచ్చు. రాయగిరి దగ్గర ఒకే తెల్లటి గ్రానైట్ శిలలో చెక్కిన ఆ విగ్రహం సుమారు 18 మీటర్ల ఎత్తు ఉంటుంది. 1990లో పడవ మీద తరలిస్తుండగా అది నీటిలోకి జారిపోయింది. ఆ ప్రమాదంలో ప్రాణాలు కూడా పోయాయి. 1992లో గానీ దానిని పైకి తీసి నిలబెట్టలేకపోయారు. నైలు నదికి పడమటి ఒడ్డున, నేటి లక్సర్ నగరానికి ఎదురుగా, మూడవ అమెన్‌హోటెప్ క్రీ.పూ. 14వ శతాబ్దంలో తన ఆలయం ముందు కూర్చోబెట్టిన రెండు విగ్రహాలు కూడా దాదాపు అంతే ఎత్తు ఉంటాయి. వాటినే తరువాతి గ్రీకులు మెమ్నాన్ విగ్రహాలన్నారు. ఒక్కొక్కటి సుమారు 700 టన్నుల బరువు ఉంటుందని అంచనా. క్రేన్లూ మోటారు పడవలూ ఉన్న కాలంలోనే ఏకశిలను కదిలించడం ఎంత ప్రమాదకరమో ఈ నగరం కళ్ళారా చూసింది. అందుచేత మూడున్నర వేల ఏళ్ళ నాడు అంత బరువును కదిలించగలిగిన రాజు తన అధికారాన్ని మాటలతో వివరించవలసిన అవసరమే లేకపోయిందని మనం సులభంగా గ్రహించగలం.

ఆ పని ఎలా జరిగేదో చూపే చిత్రం ఒకటి దైర్ అల్ బర్షాలో, జెహూతిహోటెప్ అనే ప్రాంతాధికారి సమాధిలో ఉండేది. బండి చక్రాలు లేని చెక్క స్లెడ్జి మీద పెద్ద విగ్రహాన్ని కట్టి, వరుసలుగా నిలిచిన మనుషులు తాళ్ళతో లాగుతుంటే, ముందు నిలిచిన ఒకడు ఇసుక మీద నీళ్ళు పోస్తుంటాడు. నీళ్ళు పోయడం కేవలం పూజావిధి అని చాలాకాలం భావించారు. తగినంత తడిపిన ఇసుక మీద లాగడానికి కావలసిన బలం దాదాపు సగానికి తగ్గుతుందని 2014లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ప్రయోగంతో చూపించారు. ఆ చిత్రంలో ఉన్నది రాజవిగ్రహం కాకపోయినా పని తీరు అదే.

పరిమాణాన్ని మరొక రకంగా కూడా చదవాలి: ఒకే శిల్పంలో ఎవరు ఎంత ఉన్నారన్నది చూడాలి. రెండవ రామెసెస్ (పాలన క్రీ.పూ. 1279–1213) ఈజిప్టుకు దక్షిణాన ఉన్న నూబియాలోని అబూ సింబెల్ కొండను తొలిపించి చేసిన పెద్ద ఆలయం ముందు సుమారు 20 మీటర్ల ఎత్తున తన విగ్రహాలు నాలుగింటిని కూర్చోబెట్టాడు. వాటి కాళ్ళ పక్కన పట్టపురాణి నెఫెర్తారి, తల్లి తూయ, పిల్లలు నిలబడి ఉంటారు. ఎవరూ ఆయన మోకాలిని దాటరు. అదే చోట పక్కనే ఉన్న చిన్న ఆలయానికి వెళితే నెఫెర్తారి విగ్రహాలు రాజు విగ్రహాలతో సమానమైన ఎత్తులో నిలిచి ఉంటాయి, ఆమె తల మీద హాథోర్ దేవత కొమ్ములూ సూర్యబింబమూ ఉంటాయి. ఒకే రాజు, ఒకే రాణి, ఒకే కొండ. అయినా ఒక చోట ఆమె రాజుకు చెందిన మనిషి, మరొక చోట దేవతతో ఏకమైన మూర్తి. అందుకని చిన్న బొమ్మ కనిపించగానే అది తక్కువతనమని తేల్చకుండా, ఆ శిల్పంలో ఆ వ్యక్తికి అప్పగించిన పాత్ర ఏమిటని అడగడం మేలు.

పాదాల కింద ఎవరున్నారు

ఇప్పుడు పాదాల దగ్గరకు రావచ్చు. పాదాల కింద, పీఠం మీద సమాంతరంగా గీసిన విల్లులు ఉన్నాయేమో వెతకాలి. ఉంటే అవి సాధారణంగా తొమ్మిది ఉంటాయి. ఈజిప్టుకు శత్రువులైన సమస్త జాతులనూ ఆ తొమ్మిది విల్లులు సూచిస్తాయి. రాజు కూర్చున్నా నిలుచున్నా వారిని తొక్కుతూనే ఉంటాడు. ఈ గుర్తు ఎంత పాతదంటే, సక్కారాలో మొదటి మెట్ల పిరమిడ్ కట్టించిన జోసర్ రాజు విగ్రహపు పీఠం ఒకటి విరిగి మనకు దక్కితే, దాని మీద రాజు పాదాలతోపాటు ఆ విల్లులూ, రెక్కలు విరిచి పెట్టిన తీతువు పిట్టలూ ఉన్నాయి. తీతువు పిట్ట రాజు పాలనకు లోబడిన ప్రజలకు గుర్తు. ఆ పీఠం మీదనే నిర్మాణకర్త ఇమ్‌హోటెప్ పేరు కూడా ఉండడం విశేషం. రాజవిగ్రహం మీద ఒక అధికారి పేరు చెక్కడం ఎంత అసాధారణమో ఆలోచిస్తే ఇమ్‌హోటెప్‌కు దక్కిన గౌరవం అర్థమవుతుంది. జోసర్ నుంచి రామెసెస్ వరకు పదమూడు వందల ఏళ్ళు గడిచినా, ఇటలీలోని ట్యూరిన్ మ్యూజియంలో ఉన్న రెండవ రామెసెస్ విగ్రహంలో కూడా చెప్పుల కింద అవే తొమ్మిది విల్లులు కనిపిస్తాయి.

విల్లులు లేకపోతే పీఠం పక్కలను చూడాలి. అబూ సింబెల్‌లో కట్లతో బిగించిన బందీల వరుసలు ఉంటాయి. దక్షిణం వైపు నూబియా మనుషులు, ఉత్తరం వైపు ఆసియా మనుషులు. వారి ముఖాలు, జుట్టు, దుస్తులు వేరువేరుగా చెక్కి ఉంటాయి. ఆలయం ద్వారం గుండా నడిచివెళ్ళే మనిషి ఏ దిక్కున ఏ జాతి ఉందో చూస్తూ, దేశపు సరిహద్దుల మధ్యగా నడిచినట్టే లోపలికి వెళ్ళాలి. ఈ బందీల బొమ్మలు నేటి పాఠకుడికి ఇబ్బంది కలిగించాలి, కలిగిస్తాయి కూడా. రాజు చేసే మేలును ఎంత గొప్పగా చెప్పుకున్నా, ఆ మేలుకు బయట మిగిలిన మనుషులను పాదాల కింద ఉంచడం ఈ శిల్పభాషలో విడదీయలేని భాగమని నా అభిప్రాయం. అందాన్ని మెచ్చుకుంటూ దీనిని దాటవేయడం సరైన చదువు కాదు.

నిలుచున్న విగ్రహమైతే ఎడమ పాదం ముందుకు వేసి ఉంటుంది. ఇది రాజుకే చెందిన గుర్తు కాదు, అధికారుల విగ్రహాలలోనూ మామూలే. కాబట్టి దీని ఆధారంగా రాజు అని నిర్ణయించకూడదు. రెండు పాదాలూ దగ్గరగా చేర్చి, శరీరమంతా ఒకే వస్త్రంతో చుట్టినట్టుగా, చేతులు రొమ్ము మీద ముడిచినట్టుగా ఉంటే మాత్రం అది చనిపోయి మళ్ళీ లేచిన ఒసైరిస్ దేవుడి రూపంలో ఉన్న రాజు. దైర్ అల్ బహ్రీలో, రాజుగా ఏలిన స్త్రీ హాట్‌షెప్‌సుట్ ఆలయంలోనూ ఇంకా అనేక చోట్లా స్తంభాలకు ఆనుకుని నిలిచిన ఇటువంటి విగ్రహాలు ఉన్నాయి.

సింహాసనం పక్కలు

ఈ భాగం మీద ఎక్కువ సమయం పెట్టమని గట్టిగా కోరుతాను. మొత్తం రాజసిద్ధాంతాన్ని ఒక్క బొమ్మలో చెప్పే గుర్తు ఇక్కడే ఉంటుంది. నిలువుగా ఉన్న ఒక కాడ, దాని అడుగున రెండు వైపులా ఉబ్బిన ఆకారం కనిపిస్తుంది. అది శ్వాసనాళమూ ఊపిరితిత్తులూ. ఈజిప్టు లిపిలో కలపడం అన్న అర్థానికి ఆ బొమ్మనే రాసేవారు. ఆ కాడ చుట్టూ రెండు మొక్కలను తెచ్చి ముడివేస్తారు: ఒకటి ఉత్తరాన ఉన్న డెల్టా ప్రాంతానికి గుర్తయిన పపైరస్, రెండవది దక్షిణాన ఉన్న లోయ ప్రాంతానికి గుర్తయిన పువ్వు. రెండు దేశాలను ఒకటిగా కట్టి ఉంచేవాడే రాజు. ఆయన ఆ ముడి మీదనే కూర్చుంటాడు. ఖఫ్రే సింహాసనానికి రెండు పక్కలా ఈ ముడి ఉంది.

ముడి ఉందని గుర్తించి ఆగిపోకుండా, తాళ్ళను ఎవరు లాగుతున్నారో చూడాలి. లిష్ట్ అనే చోట దొరికిన మొదటి సెన్‌వోస్రెట్ రాజు సున్నపురాతి విగ్రహాలు పది ఉన్నాయి. చూడడానికి పదీ ఒకే అచ్చులో పోసినట్టే ఉన్నా, సింహాసనం పక్కలు వేరు. కొన్నింటి మీద హోరస్, సేత్ అనే ఇద్దరు దేవుళ్ళు చెరొక వైపు నిలిచి, కాలు మోపి ముడిని బిగిస్తుంటారు. పురాణాలలో ఈ ఇద్దరూ సింహాసనం కోసం తలపడిన బద్ధశత్రువులు. వైరం మాయం కాలేదు గానీ ఆ బలమంతా ముడి బిగించడానికే పనికివస్తోందని ఆ శిల్పం చెబుతుంది. మరికొన్నింటి మీద అదే పనిని నైలు వరదకు రూపమైన హాపీ మూర్తులు చేస్తుంటాయి. మగ శరీరానికి వేలాడే పాలిండ్లు, నిండిన పొట్ట ఉంటే అది హాపీ అని సులభంగా గుర్తుపట్టవచ్చు. అప్పుడు విగ్రహం చెప్పే మాట మారుతుంది: దేశాన్ని కలిపి ఉంచేది ఏటేటా వచ్చే వరద, పంట, తిండి, రాజు ఆ సమృద్ధికి పూచీదారు. మెమ్నాన్ విగ్రహాల సింహాసనాల మీద ఉన్నదీ హాపీ మూర్తులే. ఏ రాజు ఏ జంటను ఎంచుకున్నాడన్నది గమనించడం అలవాటైతే, ఒకేలా కనిపించే విగ్రహాలు వేరువేరు మాటలు పలకడం మొదలుపెడతాయి.

నడుము, చేతులు, వీపు

నడుముకు మధ్యలో మడతల పట్టీ జారి, రెండు పక్కల కొనలు ఒకదాని మీదికి ఒకటి వచ్చిన పంచె ఉంటుంది. దాని పేరు షెండిట్. మొదట్లో రాజులకే పరిమితమై, తరువాతి కాలంలో ఇతరుల విగ్రహాలలోకి కూడా వచ్చింది. కూర్చున్న విగ్రహంలో రెండు కాళ్ళ నడుమ రాతి మీద ఒక సన్నటి తోక వేలాడుతుంటే దానిని పొరపాటున వస్త్రపు కొన అనుకోకూడదు. అది ఎద్దుతోక. రాజును బలిష్ఠమైన ఎద్దుగా కీర్తించే సంప్రదాయం చాలా పాతది, ఆ బిరుదు రాజుల పేర్లలోనే ఉంటుంది. నడికట్టు మీద కట్టు దగ్గర చిన్న అక్షరాలు చెక్కి ఉండవచ్చు. పేరు కోసం ముందు అక్కడే వెతకాలి.

చేతుల విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు. కొస వంగిన కర్ర పశువులను కాచేవాడి కర్ర నుంచి వచ్చిందనీ, మూడు కుచ్చుల కొరడా రాజదండమనీ, రెండూ ఒసైరిస్‌కు చెందిన గుర్తులనీ తెలిస్తే చాలు. కొరడా అసలు ఏ పనిముట్టు నుంచి పుట్టిందన్న విషయంలో పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. గట్టి రాతి విగ్రహాలలో చేతికీ శరీరానికీ మధ్య, కాళ్ళకూ వీపు స్తంభానికీ మధ్య రాయిని తొలగించకుండా వదిలేస్తారు. విరగకుండా ఉండడానికి అది ఉపాయమే అయినా, రాజు రాతి నుంచి విడివడకుండా దానిలోనే నిలకడగా ఉన్నాడన్న భావాన్ని కూడా కలిగిస్తుంది. వీపున ఉన్న ఆ స్తంభం మీద నిలువు వరుసలో శాసనం ఉంటుంది. వెనుకవైపు ఫోటో తప్పనిసరి అనడానికి అది మరొక కారణం.

తల మీది గుర్తులు

కిరీటాల పట్టికను కంఠస్థం చేయడం కష్టమేమీ కాదు. పొడవుగా, గుండ్రని కొసతో ఉన్నది దక్షిణదేశపు తెల్ల కిరీటం. వెనుక ఎత్తుగా లేచి, ముందు సుడి తిరిగిన తీగ ఉన్నది ఉత్తరదేశపు ఎర్ర కిరీటం. రెండూ ఒకదానిలో ఒకటి అమరితే జంట కిరీటం. చారల తలగుడ్డ రెండు భుజాల మీదికి జారితే అది నెమెస్. మనిషి తల, సింహపు శరీరం ఉన్న గీజా స్ఫింక్స్ తల మీద ఉన్నదీ అదే. చిన్న చిన్న వలయాలతో నిండిన, గుండ్రంగా ఉబ్బిన నీలి కిరీటం కొత్త రాజ్యకాలంలో (సుమారు క్రీ.పూ. 1550–1070) విస్తారంగా కనిపిస్తుంది కాబట్టి అది కాలాన్ని కూడా సూచిస్తుంది. పైన చెప్పిన ట్యూరిన్ రామెసెస్ ధరించినది ఇదే. ఒకే ఆలయంలో కిరీటాలు దిక్కును బట్టి మారడం కూడా ఉంది: అబూ సింబెల్ మొదటి మండపంలో దక్షిణం వరుసలోని ఒసైరిస్ రూపాలు తెల్ల కిరీటంతోనూ, ఉత్తరం వరుసలోనివి జంట కిరీటంతోనూ నిలిచి ఉంటాయి. విగ్రహం మ్యూజియానికి చేరాక ఈ రకం అర్థం పోతుంది. అందుకే అది మొదట ఏ గోడకు ఏ వైపున ఉండేదో తెలుసుకోవడానికి ప్రయత్నించాలి.

నుదుటి మీద పడగ విప్పి నిలిచిన నాగం ఉత్తరదేశపు వాజెట్ దేవత. రాజు శత్రువుల మీద నిప్పు కురిపించడానికి ఆమె అక్కడ ఉంటుంది. ఒక పడగకు బదులు రెండు పడగలు పక్కపక్కనే కనిపిస్తే వెంటనే జాగ్రత్త పడాలి. నేటి సూడాన్ ప్రాంతంలోని కుష్ నుంచి వచ్చి ఈజిప్టును ఏలిన 25వ వంశపు రాజులకు, తహార్కా వంటివారికి, అది ప్రత్యేక లక్షణం. తరువాత కుష్ మీదికి దండెత్తిన ఈజిప్టు రాజు రెండవ సామ్‌తిక్ కాలంలో వారి విగ్రహాల మీద ఒక పడగను చెక్కేసి, పేర్లను తొలిచివేశారు. నుదుటి మీద మిగిలిన ఒక చిన్న గాటు ఒక రాజవంశపు పరాజయాన్ని చెప్పగలదు.

గడ్డం కృత్రిమమైనది. చాలా విగ్రహాలలో చెవుల దగ్గర నుంచి దవడ మీదుగా దిగిన పట్టీ గీత కూడా కనిపిస్తుంది. శిల్పి దానిని దాచలేదు. కిందికి వచ్చేకొద్దీ వెడల్పై సమంగా తెగిన గడ్డం జీవించి ఉన్న రాజుది. జడ అల్లినట్టుండి కొస ముందుకు వంగిన గడ్డం దేవుళ్ళదీ, ఒసైరిస్‌గా మారిన రాజుదీ. హాట్‌షెప్‌సుట్ స్త్రీ అయినా ఆమె మహావిగ్రహాలలో గడ్డం ఉంది. దీనిని మారువేషం అని రాసేవారు ఉన్నారు గానీ ఆ మాట నాకు అంగీకారం కాదు. అదే విగ్రహాల మీది శాసనాలలో ఆమెను సూర్యుని కుమార్తె అంటూ స్త్రీలింగ రూపాలతోనే పేర్కొన్నారు. ఎవరినీ మోసగించే ప్రయత్నం అక్కడ లేదు. పదవికి ఉండవలసిన లక్షణాలను ఆ పదవిలో కూర్చున్న వ్యక్తి ధరించింది, అంతే.

పేరును చదవడం, పేరును అనుమానించడం

తాడుతో చుట్టి కింద ముడివేసినట్టున్న నిలువు కోడిగుడ్డు ఆకారపు చట్రాన్ని కార్టూష్ అంటారు. రాజుకు ఐదు పేర్లుంటాయి. వాటిలో రెండు మాత్రమే ఈ చట్రంలో ఉంటాయి. తుంగమొక్క, తేనెటీగ గుర్తుల కింద ఉన్నది పట్టాభిషేకం నాటి పేరు. బాతు, సూర్యబింబం గుర్తుల కింద ఉన్నది పుట్టినప్పటి పేరు. ఈ రెండు జతల గుర్తులను గుర్తుపట్టగలిగితే లిపి రాకపోయినా సగం పని అయినట్టే. రెండవ రామెసెస్ పట్టాభిషేక నామం ఉసెర్‌మాత్‌రే. అబూ సింబెల్ ద్వారం పైన గూటిలో సూర్యదేవుడు (రే లేదా రా) నిలబడి, ఒక వైపు ఉసెర్ అనే దండాన్నీ మరొక వైపు మాత్ దేవతనూ పట్టుకుని ఉంటాడు. అంటే ఆ శిల్పమే రాజు పేరు. డెల్టాలోని తానిస్ అనే పాత నగరంలో దొరికి ఇప్పుడు కైరోలో ఉన్న మరొక విగ్రహం ఇంకా స్పష్టమైన ఉదాహరణ. పెద్ద డేగ ముందు చిన్నపిల్లవాడిగా కూర్చున్న రాజు తల మీద సూర్యబింబం, చేతిలో తుంగమొక్క ఉంటాయి. సూర్యుడు రా, పిల్లవాడు మెస్, మొక్క సు, కలిపితే రామెస్సు. ఈజిప్టులో శిల్పానికీ లిపికీ మధ్య గోడ లేదని ఇంతకంటే బాగా చూపే వస్తువు నాకు తెలియదు.

అయితే చదివిన పేరును వెంటనే నమ్మకూడదు. తానిస్‌లోనే దొరికిన, సింహపు జూలు రాజముఖాన్ని చుట్టుముట్టిన స్ఫింక్స్‌లను మూడవ అమెనెమ్‌హత్ కాలంలో చెక్కారు. వాటి మీద ఆసియా నుంచి వచ్చి ఉత్తర ఈజిప్టును ఏలిన హిక్సోస్ వంశపు రాజు అపెపీ తన పేరు రాయించుకున్నాడు, తరువాత రెండవ రామెసెస్, ఆయన కుమారుడు మెరెన్‌ప్టా, చివరికి మొదటి సూసెన్నెస్ రాయించుకున్నారు. తుతన్‌ఖామున్ కోసం చెక్కిన మహావిగ్రహాలు ఆయ్, హోరెమ్‌హెబ్ చేతులు మారాయి. వాటిలో ఒకటి నేడు షికాగోలో ఉంది. పేరు మార్చిన చోట రాతి ఉపరితలం చుట్టుపక్కల కంటే పల్లంగా ఉంటుంది, పాత అక్షరాల అడుగు గీతలు కొత్త అక్షరాల కింద మిగిలి ఉంటాయి. పక్క నుంచి వెలుతురు పడిన ఫోటోలో ఇది బాగా తెలుస్తుంది. ఇలా పేరు మార్చడాన్ని దొంగతనమని కొట్టిపారేయడం తొందరపాటు. రాజపదవి ఒక్కటే, దానిలో కూర్చునేవారు మారుతుంటారు అని నమ్మిన సమాజంలో ఒక రాజు విగ్రహం మరొక రాజుకు సరిపోవడంలో వింత లేదు. కానీ హాట్‌షెప్‌సుట్ విగ్రహాలను పగలగొట్టి గుంతలలో పడవేసినట్టు, కొన్ని చోట్ల మాత్రం పేరు చెరిపివేయడం ఆ వ్యక్తి ఉనికినే తుడిచివేయడం కోసం జరిగింది. ఏది ఏ రకమో ప్రతి విగ్రహం దగ్గరా విడిగా నిర్ణయించుకోవాలి.

రాయి రంగు

శిల ఎంపిక కూడా గుర్తులలో భాగమే. అస్వాన్ ఎర్ర గ్రానైట్, కైరో దగ్గర ఎర్రకొండలో దొరికే బంగారు గోధుమ వన్నె క్వార్ట్‌జైట్ సూర్యుడికి చెందినవిగా భావించారు. నల్లని రాళ్ళు నైలు ఒండ్రుమట్టినీ, ఒసైరిస్‌నూ, పునర్జన్మనూ తలపించాయి. బ్రిటిష్ మ్యూజియంలో యువ మెమ్నాన్ అని పిలిచే రెండవ రామెసెస్ తల, 1816లో జొవాన్ని బెల్జోనీ రామెసియం ఆలయం నుంచి తరలించినది, 7 టన్నులకు పైగా బరువున్న రెండు రంగుల గ్రానైట్. ఆ శిలలో రంగు మారే చోటును తలకూ శరీరానికీ మధ్య తేడా చూపేలా శిల్పి వాడుకున్నాడు. అయితే చాలా విగ్రహాలకు రంగులు కూడా వేసేవారని మరచిపోకూడదు. మనకు నేడు కనిపించే రాతి వన్నె నాటి చూపరికి అంతా కనిపించి ఉండకపోవచ్చు.

ఇప్పుడు ముఖం

ఇంతవరకు వచ్చాక ముఖాన్ని చూస్తే అది కూడా ఒక ఎంపికగా, ఒక ప్రకటనగా కనిపిస్తుంది. క్రీ.పూ. 19వ శతాబ్దపు మూడవ సెన్‌వోస్రెట్ విగ్రహాలలో బరువెక్కిన కనురెప్పలు, కళ్ళ కింద ముడతలు, కిందికి జారిన పెదవి కొసలు, పెద్ద చెవులు ఉంటాయి. మెడ కింద మాత్రం యువకుడి దృఢమైన శరీరం. ముసలితనాన్ని ఉన్నదున్నట్టు చెక్కడమే ఉద్దేశమైతే శరీరాన్ని కూడా అలాగే చెక్కేవారు. అందుచేత ఆ ముఖాన్ని ప్రజల మాట వినే, నిద్రలేని కాపలాదారుడైన రాజు ముఖంగా చదవడం నాకు సమంజసంగా తోస్తుంది. అఖెనాటెన్ కర్నాక్‌లో నిలిపిన ఇసుకరాతి మహావిగ్రహాలు ఇంకొక దారి పట్టాయి. సాగిన ముఖం, సన్నని కళ్ళు, మందమైన పెదవులు, వెడల్పైన తొడలు చూసి ఆ రాజుకు ఏదో వ్యాధి ఉండేదని ఎందరో ఊహించారు. ఆ శరీరం మీదనే సూర్యబింబ రూపమైన అటెన్ దేవుడి పేరు చెక్కిన చట్రాలు అతికి ఉన్నాయన్నది గమనిస్తే, స్త్రీపురుష లక్షణాలను రెంటినీ కలుపుకున్న సృష్టికర్త రూపంలో రాజును చూపారన్న వివరణ బలంగా కనిపిస్తుంది. వైద్యుడి కన్నుతో శిల్పాన్ని చూడడం ఇక్కడ దారి తప్పిస్తుంది.

విగ్రహం నిలిచిన చోటును కూడా లెక్కలోకి తీసుకోవాలి. మహావిగ్రహాలు ఎక్కువగా ఆలయ ద్వారాల ముందు, సాధారణ ప్రజలు చేరగలిగిన చోట ఉండేవి. లోపలి గర్భాలయానికి వెళ్ళే హక్కు లేనివారు ఆ విగ్రహాలకే మొక్కుకునేవారు. కొన్ని విగ్రహాలకు స్వంత పేర్లు పెట్టి, వాటికి అర్పణలు చేసినట్టు రెండవ రామెసెస్ కాలపు శిలాఫలకాలు చూపుతున్నాయి. అబూ సింబెల్ గర్భాలయంలో ప్టా, అమున్, రా-హోరఖ్తి దేవుళ్ళ సరసన రామెసెస్ కూడా కూర్చుని ఉన్నాడు.

హైదరాబాద్‌లో సాధన

ఈ నగరంలో ఈజిప్టు మహావిగ్రహం ఏదీ లేదు. పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో ఏడవ నిజాం ద్వారా 1930లో చేరిన మమ్మీ ఉంది. అది ఒక యువతి దేహం, గౌరవంగా చూడదగినది, కానీ రాజవిగ్రహ భాష నేర్చుకోవడానికి అది సరైన పాఠం కాదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్న తుతన్‌ఖామున్ సింహాసనపు నకలు ఆ పనికి చాలా బాగా ఉపకరిస్తుంది. 1922లో హోవార్డ్ కార్టర్ బృందం కనుగొన్న సమాధిలోని మూలవస్తువుకు అది ప్రతిరూపం కాబట్టి, పైన చెప్పిన క్రమాన్ని దానికి యథాతథంగా వర్తింపజేయవచ్చు. ముందు కాళ్ళను చూడాలి, అవి సింహపు కాళ్ళు. చేతులాన్చుకునే చోట రెక్కలు చాచి, జంట కిరీటం ధరించి, కార్టూష్‌ను కాపాడుతున్న నాగాలను గుర్తించాలి. తరువాత కాళ్ళ నడుమ ఉన్న ఖాళీలను పరిశీలించాలి. మూలవస్తువులో అక్కడ రెండు దేశాల ముడి ఉండేది, దానిలో చాలా భాగం పూర్వకాలంలోనే విరిగిపోయింది. ఆ తరువాతే వీపు పలక మీద రాణి రాజుకు తైలం అద్దుతున్న ప్రసిద్ధ దృశ్యానికి రావాలి. పైనుంచి చేతులుగా దిగే సూర్యకిరణాలు అటెన్‌ను కొలిచిన అఖెనాటెన్ మతానికి చెందినవి. మూలసింహాసనం మీద రాజు పేరు అటెన్ పేరున్న తుతన్‌ఖాటెన్ అనీ, అమున్ పేరున్న తుతన్‌ఖామున్ అనీ రెండు రూపాలలోనూ ఉంది. మతం మారిన ఒక తరం చరిత్ర ఆ రెండు పేర్ల మధ్య ఇమిడి ఉంది.

ఆ తరువాత ఇంటికి వచ్చి, బ్రిటిష్ మ్యూజియం, ట్యూరిన్ మ్యూజియం తమ సైట్లలో ఉంచిన ఫోటోలలో నుంచి ఒక్క విగ్రహాన్ని ఎంచుకోవాలి. వివరణను చదవకుండా, ముఖాన్ని ఒక కాగితం ముక్కతో కప్పి, పాదాల నుంచి పైకి కనిపించిన ప్రతి గుర్తునూ, అది సూచించేదాన్నీ రాసుకోవాలి. పేరు ఉన్న చోట రాయి పల్లంగా ఉందో లేదో నమోదు చేసుకోవాలి. అది పూర్తయ్యాకే మ్యూజియం వివరణను తెరిచి తాము రాసుకున్నదానితో పోల్చి చూసుకోవాలి. మొదటి విగ్రహంగా ట్యూరిన్‌లోని రెండవ రామెసెస్‌ను తీసుకోవడం మంచిది: విల్లులు, నీలి కిరీటం, కొస వంగిన కర్ర, కాళ్ళ పక్కన నెఫెర్తారి, కొడుకు, అన్నీ ఒకే శిలలో స్పష్టంగా దొరుకుతాయి. రెండవదిగా తానిస్ స్ఫింక్స్‌ను తీసుకుంటే పేర్ల పొరలను విడదీయడం అలవాటవుతుంది.